ప్రార్థన సరే, పళ్లెంలో ఏముంది?

కొల్లాపూర్ నుంచి సోమశిలకు వెళ్లినవారికి అక్కడి కృష్ణానదిని చూడగానే సముద్రం గుర్తుకొస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టు వెనుక జలాలు నిండుగా ఉన్న రోజుల్లో అవతలి ఒడ్డు కొండలు నీటి మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఒడ్డున పుట్టీలు, ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన. తెల్లవారకముందే చేపలు ఒడ్డుకు చేరతాయి. మంచి చేపలు మంచుపెట్టెల్లో పట్నం దారి పడతాయి. ఇంత నీరు, ఇన్ని చేపలు, పైన కొల్లాపూర్ మామిడితోటలు! ఈ సీమలో బిడ్డలు ఆకలితో క్షీణించడమేమిటని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

కొన్నేళ్ల క్రితం ఆ నది ఒడ్డు పల్లెల్లో ఒకచోట గృహకూడికకు వెళ్లాను. వాక్యం ముగిశాక ఆ ఇంటి తల్లి రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. ‘అయ్యగారూ, బిడ్డ నవ్వతలేదు, ఆడతలేదు. ఎప్పుడు జూసినా ఏడుస్తది. జర ప్రార్థన చేయుండ్రి’ అంది. పాప తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. ఆ బిడ్డ కోసం నేను ప్రార్థించడం అది మూడోసారి. ప్రార్థన అయ్యాక నన్ను లోపల కూర్చోబెట్టి భోజనం వడ్డించారు. వేడి అన్నం, చేపల పులుసు, రెండు పెద్ద ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. సేవకుణ్ణి గౌరవించడం మన సంఘాల్లో తరతరాల ఆచారం కదా! నేను తింటుంటే ఆ పాప గడప దగ్గర కూర్చుని చారు కలిపిన అన్నం మెల్లగా చప్పరిస్తోంది. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

అదే కూడికకు వచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మ అంతవరకు ఓపిగ్గా ఆగింది. ‘ప్రార్థన అయింది గద అయ్యగారూ, ఇగ నేను జర చూస్త’ అని సంచిలోంచి రంగుల టేపు తీసి పాప భుజానికి, మోచేతికి మధ్య చుట్టింది. టేపు ఎరుపు రంగు దగ్గర ఆగింది. ఆమె నా వైపు చూసి ఏమీ అనలేదు. తల్లినే అడిగింది, ‘ఏం పెడుతున్నవమ్మా?’ అని. ‘మూడు పూటలా అన్నమే పెడుతున్న. చారు పోసి మెత్తగ పిసికి పెడుత. ఎన్నడూ పస్తు ఉంచలే’ అని ఆ తల్లి ఏడ్చింది. ఆమె చెప్పింది నిజం. ఆ బిడ్డ ఒక్కపూట కూడా పస్తు లేదు. అయినా క్షీణించిపోతోంది.

మూడుసార్లు ఆ బిడ్డ కోసం మోకరించిన నేను ఒక్కసారైనా ఆ ప్రశ్న అడగలేదు. ఆ బిడ్డ తినవలసిన గుడ్డు నా పళ్లెంలోకి వచ్చింది. ఆనాటినుంచి ఈ విషయం గురించి చదవడం, తెలిసినవారిని అడగడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాను.

యాయీరు ఇంట్లో ప్రభువు చివరిమాట

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని యాయీరు కూతురి ఉదంతం మనందరికీ తెలుసు. పన్నెండేళ్ల అమ్మాయి. చనిపోయిందని ఇంటినిండా ఏడుపులు. ప్రభువు ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. ఆమె లేచి నడిచింది. చుట్టూ ఉన్నవారు విస్మయంతో నిశ్చేష్టులయ్యారు. మన ప్రసంగాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి. కానీ మార్కు అక్కడ ఆపలేదు. ఆ పాపకు ఆహారం పెట్టమని ప్రభువు ఆ తల్లిదండ్రులకు ఆజ్ఞాపించాడని చెప్పి ఆ అధ్యాయాన్ని ముగించాడు.

మరణాన్ని జయించినవాడికి ఒక పాప ఆకలి తీర్చడం కష్టమా? మాట సెలవిస్తే చాలదా? కానీ ఆ పని ఆయన ఇంటివారికే వదిలాడు. ప్రాణం పోసే పని దేవునిది. అన్నం పెట్టే పని మనది. అద్భుతం చూసిన ఆనందంలో ఇంటిల్లిపాదీ మరచిపోయే సంగతిని ప్రభువు ఒక్కడే గుర్తుపెట్టుకున్నాడు. బిడ్డ చాలారోజులుగా ఏమీ తినలేదన్న సంగతి అది.

ఇదొక్కచోటే కాదు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవదూత ముందుగా ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చి, లేపి మళ్లీ పెట్టాడు. దేవుని స్వరం ఆ తర్వాతే వినిపించింది. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరాన నిప్పుల మీద చేపలు కాల్చి అలసిన శిష్యులను భోజనానికి పిలిచాడు. మనిషి రొట్టెతోనే బతకడన్న వచనాన్ని మనం తరచూ చెబుతాం. అయితే ప్రభువు ఆ మాటను తాను ఆకలితో ఉన్నప్పుడు సాతానుతో అన్నాడు. ఆకలితో ఉన్న జనసమూహంతో అనలేదు. వారికైతే రొట్టెలు విరిచి పెట్టాడు.

కడుపు నిండినా ఒళ్లు నిండదు

ఆకలి వేరు, పోషకాహార లోపం వేరు. ఆకలిని కడుపు చెబుతుంది. పోషకాహార లోపాన్ని కడుపు చెప్పదు. ఎముక, రక్తం, కన్ను, మెదడు చెబుతాయి. అవి చెప్పేసరికి చాలా ఆలస్యమవుతుంది.

మన ఆహారంలో మూడు రకాల పని జరగాలి. అన్నం, రొట్టె, నూనె శక్తినిస్తాయి. పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం, పల్లీల్లోని మాంసకృత్తులు కండను, చర్మాన్ని, రోగాన్ని ఎదిరించే బలగాన్ని కడతాయి. ఆకుకూరలు, కూరగాయలు, పండ్లలోని విటమిన్లు, ఖనిజ లవణాలు ఈ పనులన్నీ సవ్యంగా సాగేలా చూస్తాయి. ఇందులో ఒకటి ఎక్కువైనంత మాత్రాన మరొకటి తీరదు. ఇటుకలు లేకుండా సున్నం ఎంత తెచ్చినా గోడ లేవదు కదా!

ఆ పాప తిన్న చారన్నం లెక్క చూద్దాం. ఏడాది నుంచి మూడేళ్లలోపు బిడ్డకు రోజుకు సుమారు 1000 కేలరీల శక్తి కావాలి. వంద గ్రాముల వండిన అన్నంలో ఉండేది దాదాపు 130 కేలరీలే. అంటే ఒట్టి అన్నంతోనే ఆ బిడ్డ శక్తి అవసరం తీరాలంటే అలాంటి గిన్నెలు ఎనిమిది దాకా తినాలి. అంత చిన్న పొట్టలో అంత అన్నం ఎలా పడుతుంది? రెండు ముద్దలకే పొట్ట ఉబ్బుతుంది, బిడ్డ మొహం తిప్పేసుకుంటుంది. ‘ఇక చాలంట’ అని తల్లి అనుకుంటుంది. కడుపు నిండింది, కానీ ఒంటికి చేరవలసింది చేరలేదు. అదే అన్నంలో చారుకు బదులు చిక్కటి పప్పు, ఒక చెంచా నూనెగానీ నెయ్యిగానీ కలిపితే? ఆ ఒక్క చెంచాలోనే సుమారు 45 కేలరీలు ఉన్నాయి. దానితో ఒక గుడ్డు పెడితే సుమారు 6 గ్రాముల మంచి మాంసకృత్తులు అందుతాయి. గిన్నె అదే, బిడ్డ అదే. లోపలికి వెళ్లేది మాత్రం వేరు.

వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం దీర్ఘకాలపు లోపానికి గుర్తు. ఎత్తుకు తగ్గ బరువు లేకుండా చిక్కిపోవడం ఇప్పుడు జరుగుతున్న లోపానికి గుర్తు. మొదటిది మనకు తొందరగా కనపడదు. ‘మా వంశమే పొట్టి’ అని సర్దిచెప్పుకుంటాం. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆరు నెలలు నిండి ఐదేళ్లలోపు వయసున్న బిడ్డకు భుజం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. అదే ఆ టేపులోని ఎరుపు. 11.5 నుంచి 12.5 మధ్య పసుపు. ఆపైన ఆకుపచ్చ. చదువురాని అవ్వకు సైతం అర్థమయ్యే కొలత ఇది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో లెక్కలు తీసినప్పుడు తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారు. 21.7 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేనివారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకెలు 31.2, 16.1 శాతం. తెలంగాణలో ఆరు నెలలనుంచి ఐదేళ్లలోపు బిడ్డల్లో 70 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన సండేస్కూలులో ముప్పైమంది పిల్లలు కూర్చున్నారంటే వారిలో ఎందరో ఈ లెక్కల్లోనివారే. మనం వారికి వచనాలు కంఠస్థం చేయిస్తున్నాం. గుర్తుండడం లేదని కోప్పడుతున్నాం కూడా!

ఒక పౌను గింజలు

ఇది నిన్న మొన్నటి చర్చ కాదు. సోమశిల దగ్గర నది దాటితే వచ్చే కర్నూలు సీమ 1876-78 నాటి మహా కరువులో ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. ఆ కరువుపనుల్లో కూలీకి ఎంత ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. 1877 ఆరంభంలో వైస్రాయి తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలకు సరిపడే కూలిని ప్రాతిపదికగా పెట్టాడు. ఆ గింజలు ఇచ్చేది సుమారు 1600 కేలరీలు. రాళ్లు మోసే మనిషికి దాదాపు రెట్టింపు కావాలి. మద్రాసు ప్రభుత్వపు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. మనుషులు గింజల బరువుతోనే బతకరని, పప్పుల్లాంటి పోషకాలు కూడా కావాలని వాదించాడు. అదే ఏడాది ఆ కూలి పెంచవలసి వచ్చింది. ఈలోగా పనిస్థలాల్లోనే ఎందరో కూలిపోయారు. కాగితం మీద అందరికీ తిండి అందుతోందని ఉంది. మనుషులు మాత్రం చచ్చిపోతున్నారు.

అదే కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేసిన పని మన సంఘ చరిత్రలో చెప్పుకోదగింది. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టు తీసుకుని వేలాదిమందికి కూలి దొరికేలా చూశాడు. కరువు సహాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతం మారారన్న నింద ఆ పేదల మీద పడకూడదని ఆయన ఉద్దేశం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతిని మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు పదిహేను నెలలపాటు ఆయన ఏ షరతూ లేకుండా పని చూపించాడన్న సంగతిని కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి. అన్నం ఎర కాకూడదు. ఆకలితో ఉన్నవాడి పట్ల అది మన బాధ్యత, అంతే.

అనాథాశ్రమంలో లోపించింది ప్రార్థన కాదు

మరొక సంఘటన మనల్ని ఇంకా దగ్గరగా తాకుతుంది. 1914లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో జాక్సన్ పట్టణంలో మెథడిస్టు సంఘం, బాప్టిస్టు సంఘం నడిపే రెండు అనాథాశ్రమాలుండేవి. రెండింటిలోనూ పిల్లలకు పెల్లాగ్రా జబ్బు. చర్మం నల్లబారి పగలడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. అది అంటురోగమని అప్పటి వైద్యులు చాలామంది నమ్మేవారు. డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఆ పిల్లల పళ్లేలు పరిశీలించాడు. మొక్కజొన్నపిండి, బెల్లంపాకం లాంటివే ఎక్కువ. పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడుగింజలు తక్కువ. అవి ఇప్పించగానే జబ్బు మాయమైంది. ఆ ఆశ్రమాల్లో ఉదయ సాయంకాలాల ప్రార్థనలకు లోటు లేదు. లోటంతా పాలు, గుడ్ల దగ్గరే.

అదే జబ్బు మన తెలంగాణలోనూ ఉండేది. జొన్నరొట్టె, జొన్న గటక తప్ప మరొకటి దొరకని నిరుపేద కూలీల్లో అది కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య దీన్ని పరిశోధించి 1960లో ఫలితాలు ప్రకటించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థానికి ఈ జబ్బుతో సంబంధం ఉందని వారు గుర్తించారు. నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉన్నది ఆ పరిశోధనశాలే. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. జొన్న మంచి ధాన్యం. పప్పు, ఆకుకూర, పాలు తోడుగా ఉన్నవారికి ఆ జొన్నే బలాన్నిచ్చింది. ఒంటరి జొన్నే హాని చేసింది.

మన పాలమూరు పళ్లెం ఆ తర్వాత మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక క్రమంగా జొన్న స్థానంలోకి అన్నం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో లక్షల ఇళ్లలో పస్తులు తప్పించిందన్నది కృతజ్ఞతతో చెప్పవలసిన మాట. అయితే ఒంటరి జొన్నకు బదులు ఒంటరి అన్నం వచ్చింది. పక్కన ఉండవలసిన కంది, పెసర, బెబ్బర్లు, అనపగింజలు, పుంటికూర మాత్రం పలచబడ్డాయి.

పెద్దబిడ్డ జబ్బు, వెయ్యి రోజుల గడువు

ఆఫ్రికాలోని నేటి ఘనాలో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1930లలో పిల్లల్లో ఒక వింత జబ్బు గమనించింది. కాళ్లు, మొహం వాచి, జుట్టు ఎర్రబడి, చర్మం పొరలుగా ఊడే జబ్బు. అక్కడి తల్లులు దాన్ని క్వాషియార్కర్ అనేవారు. కొత్తబిడ్డ రాగానే తల్లిపాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాట భావం. డాక్టర్లకు తెలియని కారణం ఆ తల్లుల పలుకుబడిలోనే ఉంది. పాలు ఆగాయి, వాటి స్థానంలో పలచటి గంజి వచ్చింది. మన ఇళ్లలో చంటిబిడ్డ పుట్టగానే చారన్నంలోకి మారిపోయే పెద్దబిడ్డ కథ కూడా అదే. వాపు వచ్చిన బిడ్డను చూసి ‘బొద్దుగా ఉంది’ అని మురిసిపోయిన ఇళ్లూ ఉన్నాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే అది బొద్దుతనం కాదు, ప్రమాదం.

గర్భంలోని 270 రోజులు, ఆపై రెండేళ్లు కలిపితే సుమారు వెయ్యి రోజులు. రెండేళ్లు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుతుంది. ఆ గడువులో అందనిది తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా పూడదు. అందువల్ల బిడ్డ పళ్లెం గురించి మాట్లాడాలంటే ముందు తల్లి పళ్లెం గురించి మాట్లాడాలి. మన ఇళ్లలో ఆ తల్లి ఎప్పుడు తింటుంది? మామ, భర్త, పిల్లలు తిన్నాక. ఏం తింటుంది? గిన్నె అడుగున మిగిలింది. గర్భవతి ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని తిండి తగ్గించే అత్తలు ఇప్పటికీ ఉన్నారు. ముర్రుపాలు పిండి పారబోసేవారూ ఉన్నారు. దేవుడు మొదటి టీకాగా ఇచ్చిన పాలవి.

రక్తహీనత గురించి మాట్లాడేటప్పుడు మన తెలుగు బిడ్డను ఒకరిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆహారసారం ఒంటికి పట్టనివ్వని జబ్బు అది. బొంబాయిలో గర్భవతుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. అందులో దాగిన పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దాన్ని కృత్రిమంగా తయారుచేసిన విజయాన్ని 1945లో అమెరికాలో ప్రకటించింది సుబ్బారావు నడిపిన బృందమే. ఈనాడు ఆశా కార్యకర్త గర్భవతి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంది. గర్భంతో ఉండగా 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు ఆ మాత్ర వేసుకోవాలి. ‘కడుపులో తిప్పుతోంది, మలం నల్లగా వస్తోంది’ అని చాలామంది గూట్లో పడేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. మలం నల్లబడడం హానికాదు. నిమ్మ, ఉసిరి, జామ లాంటివి ఐరన్ ఒంటికి పట్టడానికి తోడ్పడతాయి. భోజనంతోపాటు తాగే టీ అడ్డుపడుతుంది. ఇంత చిన్న విషయాలు చెప్పడానికి ప్రసంగ వేదిక చిన్నబోతుందా?

మన సంఘాల్లో సరిదిద్దుకోవలసినవి

ఇక నా తోటి సేవకులతో, పెద్దలతో కొన్ని మాటలు. ఇవి నన్ను నేను అడుగుకున్న ప్రశ్నలే.

మొదటిది ఉపవాసం. గర్భవతి, బాలింత, రక్తహీనత ఉన్న స్త్రీ ఇరవై ఒక్క రోజుల ఉపవాసం పూర్తిచేసిందని నేనూ ఒకప్పుడు వేదిక మీద మెచ్చుకున్నాను. ఈనాడు ఆ మాట గుర్తొస్తే భయం వేస్తుంది. ఆమె ఉపవాసం ఆమె ఒక్కదానిదే కాదు, అడగకుండానే కడుపులోని బిడ్డ చేత కూడా చేయించింది. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు కోరుకున్న ఉపవాసం మన ఆహారాన్ని ఆకలిగొన్నవారితో పంచుకోవడం. ఆ లెక్కన గర్భవతి ఉపవాసముండకూడదు. ఆమె కోసం మనం ఒక పూట మానుకోవాలి.

రెండోది పంక్తిలో వరుస. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు నిర్లక్ష్యానికి గురయ్యారన్న సణుగుడు వచ్చింది. అపొస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసమని గద్దించలేదు. ఆత్మతోను జ్ఞానంతోను నిండిన ఏడుగురిని ఏర్పరచారు. వడ్డనను సరిచేయడానికి ఆత్మపూర్ణులు కావలసి వచ్చారు! మన ప్రేమవిందుల్లో ముందు ఎవరు కూర్చుంటున్నారు? మాంసం ముక్కలు ఎవరికి పడుతున్నాయి? గర్భవతులు, పిల్లలు చివరి పంక్తిలోకి ఎందుకు వెళ్తున్నారు?

మూడోది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన ఈ పథకం మన పల్లెల్లో బిడ్డకు అతి దగ్గరలో ఉన్న సాయం. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి ద్వారా గర్భవతులు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే పెట్టాలని నిర్ణయించారు. చిన్నపిల్లలకు బాలామృతం ఇస్తారు. ఆ బాలామృతం పొట్లం ఇంటికి వచ్చాక ఇంటిల్లిపాదికీ లడ్డూలై పోతుంది. ఆ గుడ్డు ఇంటి మగవాడి పళ్లెంలోకో, అతిథి పళ్లెంలోకో చేరుతుంది. ఆ అతిథి కొన్నిసార్లు నేనే. ఇది ప్రభుత్వం సరిచేయగలిగిన తప్పు కాదు. ఇంటి లోపలి తప్పు ఇది. ఇంటి లోపలికి వెళ్లగలిగేది మనమే.

నాలుగోది ‘దేవుని చిత్తం’ అన్న మాట. బిడ్డ ఎదగకపోతే వెంటనే ఆ మాట అంటాం. తన దగ్గరికి పిల్లలను రానివ్వమన్న ప్రభువు, వారిలో ప్రతి ముగ్గురిలో ఒకరు గిడసబారాలని చిత్తగిస్తాడా? ఆయన చిత్తం గురించి మాట్లాడేముందు పొయ్యి మీద ఏముందో చూడాలి.

ఇందుకు కొత్తగా కొనవలసినవి పెద్దగా లేవు. సోమశిల ఒడ్డున పట్నానికి వెళ్లని పరకల్లాంటి చిన్న చేపలున్నాయి. మెత్తగా ఉడికించి, ముళ్లు గుచ్చుకోకుండా జాగ్రత్తగా మెదిపి పెడితే అవి మాంసకృత్తులతోపాటు సున్నాన్నీ ఇస్తాయి. గద్వాల, వనపర్తి సీమలో పల్లీలకు కొదవలేదు. పెద్దలు తినే పల్లీలను వేయించి పొడిచేసి బిడ్డ అన్నంలో కలపవచ్చు. గింజగా ఇస్తే గొంతుకు అడ్డం పడుతుంది. పెరట్లో మునగచెట్టు, పుంటికూర, తోటకూర ఉండనే ఉన్నాయి. మామిడి కాలంలో పండిన మామిడి, మిగతా కాలంలో బొప్పాయి కంటిచూపును కాపాడే విటమిన్ ఎ ఇస్తాయి. ఆరు నెలలవరకు తల్లిపాలు మాత్రమే. ఆరు నెలలు నిండగానే పాలతోపాటు మెత్తటి చిక్కటి ఆహారం, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిది నెలలు నిండాక మూడు నాలుగుసార్లు, మధ్యలో చిరుతిండి. బిడ్డకు వేరే గిన్నె పెట్టండి. అప్పుడే ఎంత తిన్నదో తెలుస్తుంది. చేతులు సబ్బుతో కడగండి. మాటిమాటికీ విరేచనాలైతే తిన్నదంతా నీళ్లపాలే.

ఒక్క హెచ్చరిక. టేపు ఎరుపు చూపిన బిడ్డకు, కాళ్లు వాచిన బిడ్డకు మనమే జాలిపడి ఒక్కసారిగా ఎక్కువ తిండి కుక్కకూడదు. శుష్కించిన దేహం ఆ బరువు తట్టుకోలేదు. ప్రాణాపాయం. అలాంటి బిడ్డను ఆస్పత్రికి, అక్కడినుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాలి. అక్కడ కొలతప్రకారం, గంటలప్రకారం పాలు పట్టి మెల్లగా తేరుస్తారు.

మళ్లీ ఆ ఇంటికి

ఆ పాపను అలాగే తీసుకెళ్లమన్నాడు డాక్టరు. తల్లి వెనకాడింది. ‘రెండు వారాలు ఆడ ఉంటే కూలి పోతది, ఇంటికాడ పెద్దోడికి ఎవరు వండిపెడతరు?’ అంది. తరచుగా బిడ్డలు ఆస్పత్రికి చేరకుండా ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా స్త్రీల సమాజం ఐదు నిమిషాల్లో తేల్చేసింది. వంతులవారీగా ఆ ఇంటి పొయ్యి వాళ్లే వెలిగించారు. పోయిన కూలిడబ్బులు కానుకలనుంచి ఇచ్చాం. అది ఆ ఏడాది మా సంఘం చేసిన అతి శ్రేష్ఠమైన సేవ అని నా నమ్మకం. దానికి బ్యానరు కట్టలేదు.

పాప తేరుకుంది. ఇప్పుడు బడికి పోతోంది. తోటిపిల్లలకంటే కాస్త పొట్టిగానే ఉంది. ఆ లోటు పూర్తిగా పూడలేదు. నేను మూడుసార్లు ప్రార్థించి వెళ్లిపోయిన ఆ నెలలు తిరిగి రావు. ఆ అమ్మాయిని చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తుకొస్తుంది. రావాలి కూడా.

ప్రార్థన మానమని నేను చెప్పడంలేదు. ఆ పాప బతికింది దేవుని కృపవల్లనే. ఆ కృప ఒక అంగన్‌వాడీ టీచరమ్మ సంచిలో టేపుగా వచ్చింది. ఇప్పుడు నా బైబిలు సంచిలోనూ అలాంటి టేపు ఒకటి ఉంది. ఇంటి దర్శనాలకు వెళ్లినప్పుడు ప్రార్థనకు ముందే అడుగుతాను, బిడ్డ ఈ పొద్దున ఏం తిన్నదని, తల్లి ఏం తిన్నదని.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఎప్పటిలాగే నాకు పళ్లెం పెట్టారు. చేపముక్కలు, గుడ్డు. నేను పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ‘ముందు బిడ్డకు పెట్టమ్మా’ అన్నాను. తల్లి సిగ్గుపడుతూ రెండో పళ్లెం తెచ్చింది. ‘మూడోది కూడా తే, నీకు’ అన్నాను. ముగ్గురం కలిసి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి భోంచేశాం. యాయీరు ఇంట్లో ఆ సాయంకాలం జరిగింది కూడా బహుశా ఇంతే.